స్పైస్: ఒక తరగతి లోకానికిచ్చిన ప్రయోగశాల

1969 చివర్లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ రోరర్ అనే అధ్యాపకుడు పీజీ విద్యార్థులకు సర్క్యూట్ల మీద ఒక కోర్సు పెట్టాడు. పాఠాలు చెప్పి చివర పరీక్ష పెట్టే పద్ధతి పక్కనబెట్టి, క్లాసుకంతటికీ ఒకే పని అప్పగించాడు. ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఎలా నడుచుకుంటుందో లెక్కగట్టి చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాంను అందరూ కలిసి రాయాలి. దాన్ని ఆ విభాగంలోని సీనియర్ ప్రొఫెసర్ డొనాల్డ్ పెడర్సన్ పరిశీలిస్తాడు. ఆయన బాగుందంటే అందరూ పాస్, బాగాలేదంటే అందరూ ఫెయిల్. పెడర్సన్ బాగుందన్నాడు.

ఆ విద్యార్థుల్లో లారెన్స్ నేగెల్ ఒకడు. కోర్సు అయిపోయాక కూడా ఆ ప్రోగ్రాంను వదల్లేదు. అప్పటికి దాని పేరు క్యాన్సర్. 'రేడియేషన్ మినహా నాన్‌లీనియర్ సర్క్యూట్ల కంప్యూటర్ విశ్లేషణ' అనే అర్థమొచ్చే ఇంగ్లీషు పేరుకు అవి పొడి అక్షరాలు. ఆ రోజుల్లో ఇలాంటి ప్రోగ్రాములు చాలావరకు అమెరికా రక్షణ శాఖ డబ్బుతో తయారయ్యేవి. అణు రేడియేషన్ సోకితే సర్క్యూట్ ఏమవుతుందో లెక్కించడం వాటి పనిలో భాగం. తమది ఆ పని కాదని బర్కిలీ విద్యార్థులు పేరులోనే చెప్పేశారు.

రోరర్ బర్కిలీ వదిలి వెళ్లాక నేగెల్‌కు పెడర్సన్ గైడ్ అయ్యాడు. ఆయన ఒక పట్టు పట్టాడు. ప్రోగ్రాంను ఎవరడిగినా ఆంక్షల్లేకుండా ఇవ్వగలిగేలా తిరగరాయాలన్నాడు. అలా తయారైందే స్పైస్. 1973 ఏప్రిల్‌లో కెనడాలోని వాటర్లూలో జరిగిన సదస్సులో పెడర్సన్ దాన్ని పరిచయం చేశాడు. 1975లో నేగెల్ పీహెచ్‌డీ గ్రంథంతో స్పైస్-2 వచ్చింది. అడిగినవాళ్లకు నామమాత్రపు ఖర్చుతో మాగ్నెటిక్ టేపు మీద ఎక్కించి ఇచ్చేవారు. చదువు పూర్తిచేసి కంపెనీల్లో చేరినవాళ్లు ఆ టేపును వెంట తీసుకెళ్లారు. చిప్పుల పరిశ్రమలో సర్క్యూట్లను లెక్కించే పద్ధతికి స్పైస్ అనే మాటే పేరుగా స్థిరపడింది. 2011లో ఐ.ట్రిపుల్.ఈ. సంస్థ దాన్ని ఇంజనీరింగ్ చరిత్రలో ఒక మైలురాయిగా గుర్తించింది.

ఆ స్పైస్ ఇప్పటికీ బతికే ఉంది. 1980ల చివర్లో బర్కిలీలోనే సీ భాషలో తిరగరాసిన స్పైస్-3 నుంచి పుట్టిన ఎన్‌జీస్పైస్‌ను వివిధ దేశాల స్వచ్ఛంద కార్యకర్తలు ఇప్పుడు నడిపిస్తున్నారు. ఐఐటీ బొంబాయిలోని ఫాసీ బృందం ఆ ఎన్‌జీస్పైస్‌ను, సర్క్యూట్ బొమ్మలు గీసే కైక్యాడ్‌ను ఒకచోట చేర్చి ఈసిమ్ అనే పనిముట్టుగా ఇస్తోంది. కైక్యాడ్ పుట్టింది కూడా విద్యాసంస్థలోనే. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో పాఠాలు చెప్పే జాన్-పియెర్ షారా 1992లో దాన్ని మొదలుపెట్టాడు, ఆ తర్వాత యూరప్ కణభౌతిక ప్రయోగశాల సెర్న్ చేయూతనిచ్చింది. అంటే ఇవాళ అనంతపురంలోనో ఆదిలాబాద్‌లోనో ఈసీఈ రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఈసిమ్ తెరిచిందంటే, మూడు దేశాల అధ్యాపకుల, విద్యార్థుల కష్టం ఆమె ముందు ఉన్నట్టే. పైసా ఖర్చు లేదు. సాదా ల్యాప్‌టాప్ చాలు.

అయితే దానితో ఏం చేయిస్తున్నామన్నదే ప్రశ్న. చాలాచోట్ల ల్యాబ్ అంటే మాన్యువల్‌లో ఉన్నది ఉన్నట్టు టైపు చేయడం, వచ్చిన గ్రాఫు ప్రింటు తీసి రికార్డులో అతికించడం, సంతకం పెట్టించుకోవడం. బ్రెడ్‌బోర్డు మీద అయినా, కంప్యూటర్ మీద అయినా తంతు ఒకటే. తెరిచి చూడమని, మార్చమని, మెరుగుపరచమని ఇచ్చిన పనిముట్టును తలుపు మూసిన పెట్టెలా వాడితే దాని విలువలో అతి చిన్న భాగమే విద్యార్థికి దక్కుతుంది. దీన్ని నేను గట్టిగా నమ్ముతాను. పెట్టె లోపల ఏముందో చూస్తే పాఠకులూ ఒప్పుకుంటారనుకుంటాను.

స్పైస్ లోపల ఉన్న సూత్రం ఇంటర్మీడియట్‌లో అందరూ చదివిందే. సర్క్యూట్‌లో తీగలు కలిసే ప్రతి చోటా లోపలికొచ్చే కరెంటు, బయటికెళ్లే కరెంటు సమానంగా ఉండాలి. ఇది కిర్కాఫ్ నియమం. పది కూడళ్లుంటే పది సమీకరణాలు, లక్ష కూడళ్లుంటే లక్ష సమీకరణాలు. రెసిస్టర్లు మాత్రమే ఉంటే వాటిని మాట్రిక్స్‌గా పేర్చి ఒక్క దెబ్బలో సాధించవచ్చు. చిక్కంతా డయోడ్, ట్రాన్సిస్టర్ వచ్చి చేరినప్పుడే. మామూలు గది ఉష్ణోగ్రత దగ్గర ఆదర్శ డయోడ్‌పై వోల్టేజి 60 మిల్లీవోల్టులు పెరిగితే కరెంటు పది రెట్లవుతుంది. మరో 60 పెరిగితే వంద రెట్లు. ఇలాంటి సమీకరణాన్ని సూటిగా సాధించే దారి లేదు.

కిరాణా కొట్టులో శెట్టిగారు తక్కెడలో బెల్లం తూచడం గుర్తుచేసుకోండి. ముందు కంటి అంచనాతో ఒక ముక్క వేస్తాడు. ముల్లు ఎంత పక్కకు ఒరిగిందో చూసి ఇంకొంచెం వేస్తాడు, లేదా తీస్తాడు. మూడు నాలుగు సార్లలో ముల్లు నిలుస్తుంది. స్పైస్ చేసేదీ అదే. డయోడ్‌పై ఒక వోల్టేజి ఊహించి, ఆ బిందువు దగ్గర వంపు తిరిగిన గీతకు బదులు తిన్నని గీత పెట్టుకుని సమీకరణాలు సాధిస్తుంది. కిర్కాఫ్ లెక్క ఎంత తప్పిందో చూసి ఊహను దిద్దుకుంటుంది. తేడా ఇక లెక్కలోకి రానంత చిన్నదయ్యేదాకా ఇలా తిరుగుతుంది. న్యూటన్ పేరుమీద ఉన్న, మూడు వందల ఏళ్లు దాటినా చెక్కుచెదరని గణిత పద్ధతి ఇది. ఒక్కోసారి ఎంత తిరిగినా తేడా తగ్గదు. అప్పుడు తెరమీద లెక్క కుదరలేదని సందేశం వస్తుంది. చాలామంది విద్యార్థులు దాన్ని సాఫ్ట్‌వేర్ పాడైందనుకుని పక్కవాడి ఫైలు కాపీ చేసుకుంటారు. నిజానికి ఆ సందేశం ఒక మంచి పాఠానికి మొదలు. ఎక్కడో ఒక కూడలికి భూమితో సంబంధం లేదనో, మొదటి ఊహ మరీ దూరంగా ఉందనో అది చెబుతోంది.

ఇంకో ముచ్చట. స్పైస్ ఫైలులో మొదటి వరుసను ప్రోగ్రాం ఎప్పుడూ శీర్షికగానే చదువుతుంది. కొత్తవాళ్లు బ్యాటరీని మొదటి వరుసలో రాసి, కరెంటు ఎందుకు రావడం లేదని తలపట్టుకుంటారు. అప్పట్లో ప్రోగ్రాంను రంధ్రాలు పొడిచిన అట్టల మీద ఇచ్చేవారు, పైన ఉండే అట్ట శీర్షిక కోసం. ఆ అట్టల కట్టకున్న 'డెక్' అనే పేరు ఈనాటి ఫైలుకూ మిగిలింది. క్లాసులో ఈ సంగతి చెబితే విద్యార్థులు ఆ తప్పు మళ్లీ చేయరు.

మరి క్లాసు ఎలా నడపాలి? ఒక ఉదాహరణతో చెప్తాను. 5 వోల్టుల బ్యాటరీ, 1 కిలో ఓమ్ రెసిస్టర్, ఒక డయోడ్ వరుసగా కలిపిన సర్క్యూట్ తీసుకోండి. రన్ బటన్ నొక్కకముందే ప్రతి విద్యార్థీ డయోడ్‌పై ఎన్ని వోల్టులుంటాయో కాగితం మీద రాయాలి. ఎక్కువమంది 0.7 అని రాస్తారు. ఎన్‌జీస్పైస్‌లో మనమేమీ మార్చకుండా దొరికే డయోడ్ 0.69 దగ్గర చూపిస్తుంది. ఇప్పుడు రెండో ప్రశ్న. ఉష్ణోగ్రతను 27 నుంచి 57 డిగ్రీలకు పెంచితే ఆ వోల్టేజి పెరుగుతుందా, తగ్గుతుందా? ఎంత? వేడికి కరెంటు పెరుగుతుంది కాబట్టి వోల్టేజి కూడా పెరుగుతుందని కొందరంటారు. పుస్తకం చదివినవాళ్లు డిగ్రీకి 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుందంటారు. తెరమీద తగ్గుతుంది గానీ డిగ్రీకి 2 కంటే కాస్త తక్కువే తగ్గుతుంది. క్లాసులో అసలు చర్చ ఇక్కడ మొదలవుతుంది. పుస్తకం తప్పా, ప్రోగ్రాం తప్పా? డయోడ్ మోడల్‌లో ఏ విలువలున్నాయో తెరిచి చూస్తే జవాబు దొరుకుతుంది. డయోడ్‌పై వోల్టేజి ఎక్కువగా ఉండే కొద్దీ వేడికి అది తగ్గే వేగం తగ్గుతుంది. 2 అనే అంకె ఒక గుండుగుత్త అంచనా. పుస్తకమూ తప్పు కాదు, ప్రోగ్రామూ తప్పు కాదు. ఈ సంగతి తానే తవ్వి తెలుసుకున్న విద్యార్థి వైవాలో ఎవరడిగినా తడుముకోదు.

ముందు ఊహ, తర్వాత ప్రయోగం, ఆ తర్వాత తగువు. ఇలా విద్యార్థుల చేతే చేయించే బోధన ఫలిస్తుందనడానికి బలమైన ఆధారాలున్నాయి. 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం సైన్సు, ఇంజనీరింగ్, గణితం డిగ్రీ తరగతుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూసింది. అధ్యాపకుడు చెబుతుంటే వినడమే ఉన్న తరగతుల్లో సగటున 34 శాతం ఫెయిలైతే, విద్యార్థుల చేత పని చేయించే తరగతుల్లో 22 శాతమే ఫెయిలయ్యారు. 2019లో హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతుల్లో జరిగిన మరో అధ్యయనం ఒక చేదు నిజం బయటపెట్టింది. చురుగ్గా పనిచేయించిన క్లాసులో విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారు గానీ, తాము తక్కువ నేర్చుకున్నామనే అనుకున్నారు. చక్కగా సాగిపోయే ఉపన్యాసం అర్థమైనట్టు అనిపిస్తుంది, తడబడుతూ చేసిన లెక్క అర్థం కానట్టు అనిపిస్తుంది. కొత్త పద్ధతి మొదలుపెట్టిన అధ్యాపకులకు మొదటి నెలలో విద్యార్థుల గొణుగుడు వినిపిస్తే కంగారుపడి పాత దారి పట్టకూడదనడానికి ఈ ఒక్క ఫలితం చాలు.

కంప్యూటర్ మీద చేసింది ప్రయోగమెలా అవుతుందని పెద్దవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 2001లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్న కార్ల్ వీమన్ ఆ మరుసటి ఏడాది కొలరాడో విశ్వవిద్యాలయంలో ఫెట్ అనే సిమ్యులేషన్ల ప్రాజెక్టు మొదలుపెట్టాడు. నోబెల్ డబ్బులో కొంత దానికే పెట్టాడు. ఫెట్‌లో బ్యాటరీలు, బల్బులు, తీగలు కలిపే ఒక సిమ్యులేషన్ ఉంది. 2005లో ప్రచురితమైన అధ్యయనంలో అక్కడి విద్యార్థుల్లో ఒక జట్టు నిజమైన బల్బులతో, మరో జట్టు ఈ సిమ్యులేషన్‌తో ల్యాబ్ చేసింది. తర్వాత రెండు జట్లకూ నిజమైన పరికరాలిచ్చి సర్క్యూట్ కట్టమన్నారు. అంతదాకా తీగ ముట్టుకోని సిమ్యులేషన్ జట్టే బాగా కట్టింది, బాగా వివరించింది, రాతపరీక్షలోనూ ముందుంది. కారణం ఊహించడం కష్టం కాదు. బల్బులో కరెంటు ఖర్చైపోతుందన్నది చాలామందిలో నాటుకుపోయిన అపోహ. సిమ్యులేషన్‌లో ఎలక్ట్రాన్లు బల్బుకు ముందు, తర్వాత ఒకే వేగంతో కదులుతూ కంటికి కనిపిస్తాయి. నిజమైన తీగలో అవి ఎప్పటికీ కనిపించవు.

అలాగని ల్యాబులకు తాళం వేసి పరికరాలు అమ్మేయమని కాదు. వదులైన కనెక్షన్, సరిగా కరగని సోల్డర్ అతుకు, మల్టీమీటర్ తన వంతుగా కలిపే పొరపాటు, ఓసిల్లోస్కోప్ మీద ఫ్యాన్ వల్ల వచ్చే గందరగోళం, ఇవేవీ స్పైస్‌లో ఉండవు. చేతికి అలవాటు కావలసిన విద్య చేతితోనే రావాలి. నా లెక్కలో సరైన క్రమం ఒక్కటే: సిమ్యులేషన్‌లో ఊహించి సరిచూసుకున్న సర్క్యూట్‌నే ఆ వారమే బ్రెడ్‌బోర్డు మీద కట్టాలి. రెండు రీడింగులకూ తేడా ఎందుకొచ్చిందో రికార్డులో రాయాలి. ఆ తేడా వివరణకే ఎక్కువ మార్కులుండాలి. రీడింగులను పక్కవాడి దగ్గర కాపీ కొట్టొచ్చు, తన బోర్డు మీద వచ్చిన తేడాకు కారణాన్ని కాపీ కొట్టలేడు.

ఉచితంగా దొరికేవన్నీ ఒకటి కావు. ఒక పెద్ద చిప్పుల కంపెనీ ఇచ్చే ఎల్‌టీస్పైస్ చాలా మంచి పనిముట్టు, డబ్బు కట్టక్కర్లేదు, నేనూ దాన్ని మెచ్చుకుంటాను. కానీ దాని లోపలి కోడ్ మనకు కనిపించదు. లెక్క ఎందుకు కుదరలేదో చూద్దామంటే తలుపు తెరుచుకోదు. ఎన్‌జీస్పైస్‌లో ఆ తలుపు తెరిచే ఉంటుంది. తెలుగులో మెనూలు కావాలన్నా, కొత్త ట్రాన్సిస్టర్ మోడల్ చేర్చాలన్నా, మార్చినది పక్క కాలేజీకి పంచాలన్నా ఎవరి అనుమతీ అక్కర్లేదు. పుస్తకాలకూ వీడియోలకూ ఇదే తేడా వర్తిస్తుంది. 2002 డిసెంబరులో మొదటిసారి విడుదలైన క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో కొన్ని పేరు చెబితే చాలంటాయి, కొన్ని మీరు మార్చినదాన్నీ అదే షరతుతో పంచమంటాయి, కొన్ని అమ్మకం వద్దంటాయి. నోట్సులోకి బొమ్మ తెచ్చుకునే ముందు ఆ నాలుగు వరుసలు చదవడం అధ్యాపకుడి బాధ్యత. ఖరీదైన సాఫ్ట్‌వేర్ దొంగ కాపీలతో ల్యాబ్ నడిపే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. అలా నేర్చుకున్న విద్యార్థి రేపు సొంతంగా చిన్న సంస్థ పెట్టుకుంటే, చేతిలో విద్య ఉండీ పనిముట్టు లేనివాడవుతాడు. ఇది నాకు బాధ కలిగించే విషయం.

పాఠ్యపుస్తకాల సంగతి చూడండి. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయం నడిపే ఓపెన్‌స్టాక్స్ 2012 నుంచి డిగ్రీ పుస్తకాలను ఉచితంగా, మార్చుకునే హక్కుతో ఇస్తోంది. జార్జియా విశ్వవిద్యాలయంలో 21,822 మంది విద్యార్థుల ఫలితాలను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనం, కొనుక్కునే పుస్తకాల స్థానంలో వీటిని పెట్టాక తక్కువ గ్రేడ్లు, ఫెయిళ్లు, మధ్యలో మానేయడం తగ్గాయని తేల్చింది. పేద కుటుంబాల విద్యార్థుల్లో మెరుగుదల మరింత ఎక్కువ. మొదటి రోజే అందరి చేతిలో పుస్తకం ఉండటంలోని బలం అది.

మన దేశంలో కొరత సరుకుకు కాదు. 2003లో ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ వీడియో పాఠాలున్నాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ సహా పన్నెండు సంస్థలు కట్టిన వర్చువల్ ల్యాబ్స్ ఉన్నాయి. 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులను స్వయం అనే ఆన్‌లైన్ వేదిక మీద చదివి క్రెడిట్లు తెచ్చుకోవడానికి యూజీసీ వీలు కల్పించింది. కానీ గంట వీడియో పెట్టి చూడమంటే చూడరు. ఎడ్‌ఎక్స్ వేదికపై 69 లక్షల వీక్షణలను లెక్కగట్టిన 2014 పరిశోధన, వీడియో ఎంత పొడవున్నా సగటు విద్యార్థి ఆరు నిమిషాలకు మించి నిలవడని చెప్పింది. ఈ విషయంలో ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్స్ నాకు ఎంతో నచ్చుతాయి. ఒక్కొక్కటి సుమారు పది నిమిషాలు. తెరలో సగం వీడియో, మిగతా సగంలో సాఫ్ట్‌వేర్. చూసిన ప్రతి అడుగూ వెంటనే చేయాలి. తెలుగులోనూ వినిపిస్తాయి. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంజనీరింగ్ మొదటి సెమిస్టర్‌లో భాష దగ్గరే వెనకబడే పిల్లలకు ఈ సౌకర్యం ఎంత ఊరటో ల్యాబ్‌లో నిలబడి చూసినవాళ్లకు తెలుస్తుంది.

తిరిగి ఇవ్వడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడే మనం వెనకబడ్డాం. ఫాసీ బృందం టెక్స్ట్‌బుక్ కంపానియన్ అనే పని నడుపుతోంది. ఒక ప్రామాణిక పాఠ్యపుస్తకంలోని సాధించిన లెక్కలన్నిటికీ విద్యార్థి సైల్యాబ్ అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రాస్తాడు. పరిశీలించి అందరికీ అందుబాటులో పెడతారు, రాసినవాళ్లకు గౌరవ పారితోషికం ఇస్తారు. ఇలా వందల పుస్తకాలు పూర్తయ్యాయి. ఈసిమ్‌లో సర్క్యూట్లు తయారుచేసి పంపడానికీ ఇలాంటి ఏర్పాటే ఉంది. పుస్తకంలోని ప్రతి ఉదాహరణనూ కంప్యూటర్ చేత చేయించాలంటే ఆ పుస్తకం ఒంటబట్టాలి. ఆ శ్రమ ఫలితం పరీక్ష అయ్యాక చెత్తబుట్టలో పడదు, తర్వాతి బ్యాచ్‌కు పనికొస్తుంది. విద్యార్థికి తన పేరుతో ఒక పని లోకంలో నిలవడం కంటే పెద్ద ప్రోత్సాహం నాకు తెలిసి లేదు.

చిప్పుల రంగంలో ఈ తలుపు ఇంకా పెద్దగా తెరుచుకుంది. ఒక చిప్పు తయారీ పద్ధతి కొలతలు, ట్రాన్సిస్టర్ మోడళ్లు కావాలంటే గోప్యతా ఒప్పందం మీద సంతకం పెట్టక తప్పదన్న రోజులు ఉండేవి. 2020లో గూగుల్, చిప్పులు తయారుచేసే స్కైవాటర్ కలిసి 130 నానోమీటర్ల పద్ధతి వివరాలను బహిరంగంగా పెట్టేశాయి. ఆ మోడళ్లు ఎన్‌జీస్పైస్‌లో నడుస్తాయి. 130 నానోమీటర్లు ఇప్పటి ఫోన్లలోని చిప్పులతో పోలిస్తే పాతవే. కానీ ఆంప్లిఫయర్, సెన్సర్ సర్క్యూట్లు నేర్చుకోవడానికి భేషుగ్గా సరిపోతాయి. ఎందరో తెలుగు ఇంజనీర్లు హైదరాబాద్ డిజైన్ కేంద్రాల్లో జీతానికి చేసే పనిలో మొదటి మెట్లు ఇప్పుడు హాస్టల్ గదిలోనే ఎక్కవచ్చు.

వచ్చే సెమిస్టర్ ల్యాబ్ మాన్యువల్ సరిచేసే అధ్యాపకులకు ఒక విన్నపం. అన్నీ ఒకేసారి మార్చాలని పెట్టుకోకండి. ఒక్క ప్రయోగం ఎంచుకోండి. ముందు ఊహ రాయించండి, ఈసిమ్‌లో చూపించండి, బోర్డు మీద కట్టించండి, తేడా వివరించమనండి. అందులో బాగా రాసిన వివరణలను విద్యార్థుల పేర్లతో, తెలుగులో, ఎవరైనా మార్చుకుని వాడుకునే లైసెన్సుతో అందరికీ అందుబాటులో పెట్టండి. స్పైస్ రాసినవాళ్లు కూడా ఆనాటికి విద్యార్థులే.